ఓటీజీలో కాలిపోయిన రాడ్డు, దానితో జత కట్టిన రెండో రాడ్డు

మా ఇంటి ఓటీజీ, అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు పెట్టె, ఈ మధ్య కేకును పైనుంచి మాత్రమే కాల్చడం మొదలుపెట్టింది. పైభాగం చక్కగా ఎర్రబడి పగుళ్లు కూడా తేలేది, పుల్ల గుచ్చి చూస్తే సగం లోతు నుంచి పచ్చిపిండి అంటుకుని వచ్చేది. మైదా పాళ్లు, పాతబడిన బేకింగ్ పౌడరు, గిన్నె లోతు అంటూ వంట వైపు నుంచి అనుమానించదగినవన్నీ ఒక్కొక్కటిగా పక్కకు తప్పించాక, ఓవెన్‌ను ఖాళీగా వేడిచేసి, వంటగదిలో లైటు ఆర్పి, అద్దం తలుపులోంచి చూశాను. పై రాడ్లు రెండూ మసక ఎరుపులో వెలుగుతున్నాయి. కింది రాడ్లు రెండూ నల్లగానే ఉన్నాయి. ఒక రాడ్డు కాలిపోతే ఒకటే ఆరిపోవాలి కదా, రెండూ ఒకేసారి ఎలా పోతాయి అన్న ప్రశ్నకు జవాబు వెతికితేనే ఈ మరమ్మతు సరిగ్గా జరుగుతుంది. లేకపోతే బజారుకు వెళ్లి కనిపించిన రాడ్డు తెచ్చి బిగించడం, అది నాలుగు నెలలకు మళ్లీ పోవడం, చివరికి ఓవెన్‌నే తిట్టుకోవడం జరుగుతుంది.

సర్వీసు కేంద్రానికి ఫోను చేస్తే, ఆ మోడల్ ఆగిపోయిందని, విడిభాగాలు రావడం లేదని, పాతది ఇచ్చి కొత్తది తీసుకుంటే కొంత తగ్గిస్తామని మర్యాదగానే చెప్పారు. వారి లెక్క వారిది. నాబులు తిప్పే పాత తరహా ఓటీజీలో నిజానికి ఉండేది చాలా కొద్ది: రేకు పెట్టె, అద్దం తలుపు, రాడ్లు, వేడిని అదుపుచేసే థర్మోస్టాట్, పై రాడ్లు కావాలా కింది రాడ్లు కావాలా అని ఎంచే సెలెక్టర్ స్విచ్చి, గంట కొట్టే టైమరు, వీటిని కలిపే కొన్ని తీగలు. సర్క్యూటు బోర్డంటూ ఏమీ ఉండదు. ఇంత సాదా యంత్రాన్ని రాడ్డు పోయిందన్న నెపంతో పాత సామాన్లకు వేసేయడం నాకు నచ్చలేదు. ఇళ్లకు వచ్చే ఎలక్ట్రిషియన్లు గీజర్లు, మిక్సీలు చూసినంత ధైర్యంగా ఓటీజీని చూడరు. వోల్టులు, నిరోధం కొలిచే మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చు కనుక నేనే విప్పాలనుకున్నాను.

రాడ్డు అని మనం పిలిచే వస్తువులో మూడు పొరలు ఉంటాయి. నడిమధ్యలో స్ప్రింగులాగా చుట్టిన సన్నని నిక్రోమ్ తీగ, దాని చుట్టూ గట్టిగా కూరిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, ఆ పైన స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం. నిక్రోమ్ అంటే సుమారు 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం కలిపిన మిశ్రమలోహం. అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మార్ష్ 1906లో దీనికి పేటెంటు పొందాడు. విద్యుత్ టోస్టరు వంటి పరికరాలు ఇళ్లలో నమ్మకంగా పనిచేయడం ఆ తర్వాతి మాటే. రాగితో పోలిస్తే నిక్రోమ్ కరెంటును అరవై రెట్లకు పైగా అడ్డుకుంటుంది, 1400 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల దాకా కరగదు. అన్నింటికంటే ముఖ్యమైన గుణం మరొకటి ఉంది: ఎర్రగా కాలినప్పుడు దాని ఒంటి మీద క్రోమియం ఆక్సైడ్ పొర ఒకటి పట్టి, లోపలి లోహాన్ని ఆక్సిజన్ తినేయకుండా కాపాడుతుంది. మామూలు ఇనుప తీగ అయితే అదే వేడికి పొలుసులుగా రాలిపోతుంది. ఇక మెగ్నీషియం ఆక్సైడ్ వేడిని బాగా పోనిస్తుంది కాని కరెంటును పోనివ్వదు. ఈ రెండూ ఒకే పదార్థంలో కలిసి రావడం అరుదు. తీగ 230 వోల్టుల సరఫరా మీద ఉన్నా బయటి గొట్టానికి కరెంటు రాకపోవడం ఈ తెల్లని పొడి చలవే.

అటువంటి రాడ్డు ఎందుకు కాలిపోతుంది? వేడెక్కినప్పుడల్లా తీగ సాగుతుంది, చల్లారినప్పుడల్లా ముడుచుకుంటుంది. థర్మోస్టాట్ కట్ చేసి మళ్లీ కలిపే ప్రతిసారీ ఇదే జరుగుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగాక ఆక్సైడ్ పొర అక్కడక్కడ పగిలి, మళ్లీ కట్టి, ఆ మేరకు తీగ పలచబడుతుంది. పలచబడిన చోట నిరోధం ఎక్కువ, నిరోధం ఎక్కువైన చోట వేడి ఎక్కువ, వేడి ఎక్కువైన చోట తీగ ఇంకా త్వరగా పలచబడుతుంది. చివరికి ఆ చోటే తెగుతుంది. ఇది వయసుతో వచ్చే చావు. దాన్ని ముందుకు లాగేవి వేరే ఉన్నాయి. పాకం, చీజ్, నూనె రాడ్డు మీద కారి మాడితే ఆ చోట మసి పేరుకుని వేడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. రాడ్డు కింద ఉండే ట్రేలో అల్యూమినియం ఫాయిల్ పరిస్తే కిందికి పోవాల్సిన వేడి తిరిగి రాడ్డు మీదికే కొడుతుంది. వాడుక సూచనల పుస్తకాల్లో ఫాయిల్ పరచవద్దని రాసే కారణాల్లో ఇదొకటి. ఇంకా వేడిగా ఉన్న రాడ్డు మీద తడిగుడ్డ పెట్టి తుడవడం కూడా మంచి అలవాటు కాదు.

విప్పే ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్చి ఆపితే చాలదు. మన ఇళ్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారైన సాకెట్లు తక్కువేమీ కావు, అక్కడ స్విచ్చి ఆపినా లోపలి తీగల్లో ఫేజు ఉంటుంది. ప్లగ్గు పిన్నులు కంటికి ఎదురుగా నేల మీద కనబడుతుంటేనే స్క్రూ డ్రైవరు చేతిలోకి తీసుకోవాలి. ఓవెన్ పూర్తిగా చల్లారాలి. ఇక్కడే ఇంకో మాట గట్టిగా చెప్పాలి: నేను రాస్తున్నది రాడ్లతో కాలే ఓటీజీ గురించి మాత్రమే. మైక్రోవేవ్ ఓవెన్ దీని జాతి కాదు. దాని లోపల వేల వోల్టులు నిలవ ఉంచే కెపాసిటరు ఉంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా అది ప్రాణం తీయగలదు. కన్వెక్షన్, గ్రిల్ కలిసిన మైక్రోవేవ్‌లో రాడ్డు కంటికి కనబడుతున్నంత మాత్రాన ఇంట్లో దాన్ని విప్పకూడదు.

ఓటీజీ పైరేకు సాధారణంగా ఒకే ముక్క. పైభాగాన్ని, రెండు పక్కలను కలిపి గుర్రపు నాడా ఆకారంలో వంచి ఉంటుంది. వెనక వైపు వరుసగా, అడుగున అంచుల వెంట ఉన్న స్టార్ స్క్రూలు తీస్తే అది వెనక్కి జారి ఊడివస్తుంది. లోపల రేకు అంచులు చాకుల్లా ఉంటాయి, చేతులకు మందపాటి గుడ్డ గ్లవ్సులు వేసుకోవడం మేలు. రేకు తీయగానే రెండు పక్కలా వేరువేరు దృశ్యాలు కనబడతాయి. కుడి పక్క, అంటే నాబుల వెనక, థర్మోస్టాట్, సెలెక్టర్, టైమరు, వాటి తీగల గుంపు. ఎడమ పక్క దాదాపు ఖాళీ: పైన రెండు, కింద రెండు రాడ్ల కొనలు లోపలి గోడ రంధ్రాల్లోంచి తెల్లని పింగాణీ గిన్నెల మధ్య బయటికి పొడుచుకు వచ్చి, పై రెండింటినీ కలుపుతూ ఒక చిన్న లోహపు పట్టీ, కింది రెండింటినీ కలుపుతూ ఇంకొకటి.

నా ప్రశ్నకు జవాబు ఆ పట్టీలోనే ఉంది. కరెంటు కుడి పక్క నుంచి ముందు రాడ్డులోకి దూరి, ఎడమ కొనకు చేరి, పట్టీ మీదుగా వెనక రాడ్డులోకి మళ్లి, తిరిగి కుడి పక్కకు వస్తోంది. రెండు రాడ్లూ సిరీస్‌లో ఉన్నాయన్నమాట. ఒకే కాడికి కట్టిన రెండు ఎద్దుల్లాంటివి ఇవి. ఒకటి పడిపోతే రెండోది ఎంత బలంగా ఉన్నా బండి కదలదు. చాలా ఓటీజీల్లో, ముఖ్యంగా పైన రెండు కింద రెండు రాడ్లు ఉన్నవాటిలో, ఇదే ఏర్పాటు ఉంటుంది. ఒక్కో రాడ్డు సుమారు 115 వోల్టులకు చేసినది, జతగా కలిసి 230 వోల్టులను పంచుకుంటాయి. అన్ని మోడళ్లూ ఇలాగే ఉండవు, కొన్నింటిలో ప్రతి రాడ్డూ నేరుగా 230 వోల్టుల మీదే పనిచేస్తుంది. ఎడమ పక్క పట్టీ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూస్తే తేలిపోతుంది.

మా ఓవెన్ వెనక అంటించిన రేకు బిళ్ల మీద 230 వోల్టులు, 1500 వాట్లు అని ఉంది. పైజత 750, కింది జత 750 అనుకుంటే, వోల్టేజీని వోల్టేజీతో గుణించి వాట్లతో భాగిస్తే నిరోధం వస్తుంది: 52,900ను 750తో భాగిస్తే సుమారు 70.5 ఓమ్‌లు, ఒక్కో రాడ్డుకు దాదాపు 35. ఈ లెక్క కాగితం మీద వేసుకుని కూర్చుంటే మీటరు చెప్పేది అర్థమవుతుంది, లేకపోతే అది ఏదో ఒక అంకె. కొలిచే ముందు కనీసం ఒక కొన తీగ ఊడదీయాలి, లేదంటే మిగతా సర్క్యూటు కూడా కొలతలోకి వస్తుంది. పైజత 70 చూపించింది. కింది జతకు మీటరు ఏ అంకే చూపలేదు, తెగిపోయిన తీగకు చూపించినట్టే చూపించింది. పట్టీ విప్పి విడివిడిగా కొలిస్తే ముందు రాడ్డు 36, వెనకది ఏమీ లేదు. నిక్రోమ్‌తో ఒక సౌలభ్యం ఉంది: చల్లగా ఉన్నప్పుడు, ఎర్రగా కాలుతున్నప్పుడు దాని నిరోధంలో తేడా కొద్ది శాతమే. పాతకాలపు బల్బులోని టంగ్‌స్టన్ తీగ అలా కాదు, వెలిగినప్పుడు దాని నిరోధం పది రెట్లకు పైగా పెరుగుతుంది, కనుక మీటరుతో కొలిచి దాని వాట్లు కట్టలేము. రాడ్డు విషయంలో చల్లని కొలతను నిశ్చింతగా నమ్మవచ్చు.

వెనక రాడ్డును బయటికి తీశాక టార్చి వేసి చూశాను. కుడి కొనకు జానెడు దూరంలో గొట్టం మీద చిన్న బొబ్బ, దాని నెత్తిన ఆవగింజంత రంధ్రం. గోటితో తడితే రంధ్రంలోంచి తెల్లని పొడి రాలింది, మెగ్నీషియం ఆక్సైడ్. తీగ తెగేటప్పుడు పుట్టిన నిప్పురవ్వ గొట్టాన్ని లోపలి నుంచి కరిగించిందని దాన్ని చూస్తేనే తెలుస్తోంది. అన్ని రాడ్లూ ఇలా ఆనవాలు మిగల్చవు. బయటికి కొత్తదానిలా నిగనిగలాడుతూ లోపల తెగిన రాడ్లు బోలెడు. అందుకే కంటి సాక్ష్యం కంటే మీటరు సాక్ష్యమే గట్టిది.

రాడ్డు పోయిందని తేలినంత మాత్రాన మిగతావన్నీ బాగున్నట్టు కాదు. సెలెక్టర్ స్విచ్చిలో కింది రాడ్ల కాంటాక్టు కాలిపోయినా లక్షణం ఒకటే, కింది రాడ్లు వెలగవు. మీటరును బీప్ మీద పెట్టి, నాబును ఒక్కో స్థానానికి తిప్పుతూ ఎక్కడ కలుస్తోందో ఎక్కడ విడిపోతోందో చూడాలి. థర్మోస్టాట్ లోపల రెండు లోహాల అతుకు పట్టీ ఉంటుంది, వేడికి వంగి కాంటాక్టును విడదీస్తుంది. గది వేడిలో నాబును తిప్పితే టిక్కుమని కలవాలి. టైమరు సంగతి చెప్పనక్కర్లేదనుకుంటాను, కాని చెబుతున్నాను: చాలా ఓటీజీల్లో టైమరు సున్నా దగ్గర ఉంటే ఏదీ వెలగదు, సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

కాలిన రాడ్డు పట్టుకుని కోఠి దగ్గరి ట్రూప్ బజారుకు వెళ్లాను. హైదరాబాద్‌లో కరెంటు సామానుకు పేరున్న చోటు అది. స్విచ్చుల టోకు దుకాణాల మధ్య హీటర్ రాడ్లు మాత్రమే అమ్మే ఇరుకు కొట్లు కూడా ఉంటాయి. ఒక కొట్లో పెద్దాయన రాడ్డును నా చేతిలోంచి తీసుకుని, ముందు పొడవు కొలవలేదు. కొన దగ్గర గొట్టాన్ని బొటనవేలితో రుద్ది, వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"ఇది జోడీల నడిచే రాడ్డమ్మా. 115ది. రెండోది ఎట్లుంది?"

"బాగానే ఉందన్నా, 36 ఓమ్‌లు చూపిస్తోంది."

"మీటరు పెట్టి చూసిన్రా? అయితె మంచిదే. పొడుగు సరిపోయిందని 230ది పట్టుకపోతరు చానామంది, మల్ల వచ్చి వేడైతలేదంటరు."

ఆయన ఒక్క వాక్యంలో తేల్చిన దాన్ని నేను ఇంటికి వచ్చి కాగితం మీద వేసి చూసుకున్నాను. జత 750 వాట్లలో సగం, 375 వాట్ల రాడ్డే, కాని 230 వోల్టులది తెచ్చి పాత రాడ్డుతో జత కట్టామనుకుందాం. దాని నిరోధం దాదాపు 141 ఓమ్‌లు. పాతదాని 35తో కలిపితే 176. అప్పుడు జత మొత్తం మీద వచ్చేది సుమారు 300 వాట్లు, రావాల్సిన 750కి సగం కూడా కాదు. ఆ 300లో కొత్తది 240, పాతది 60 పంచుకుంటాయి. ఓవెన్ వెనక భాగం ఒక మాదిరిగా, ముందు భాగం గోరువెచ్చగా ఉంటాయి, బిస్కెట్లు ఒక వరుస కాలి ఒక వరుస పాలిపోయి వస్తాయి. చూసేవాళ్లకు రాడ్లు రెండూ పనిచేస్తున్నట్టే ఉంటుంది, వంట మాత్రం కుదరదు.

దీనికంటే మోసకారి పొరపాటు ఇంకొకటి. వోల్టులు సరిగ్గా 115 ఉన్నా, "కాస్త పవరు ఎక్కువుంటే తొందరగా కాలుతుంది" అని 375కు బదులు 500 వాట్ల రాడ్డు వేయడం. దాని నిరోధం 26.5 ఓమ్‌లు మాత్రమే. జత నిరోధం 62కు పడిపోతుంది, కరెంటు 3.26 ఆంపియర్ల నుంచి 3.73కు పెరుగుతుంది. సిరీస్‌లో కరెంటు రెండింటికీ ఒకటే కనుక ఆ పెరిగిన కరెంటు పాత రాడ్డులోంచి కూడా పోవాల్సిందే, అప్పుడు అది 375కు బదులు 490 వాట్లు మోస్తుంది. విచిత్రం ఏమిటంటే, 500 వాట్లదని డబ్బు ఎక్కువ పెట్టి కొన్నది మాత్రం 367 దగ్గరే హాయిగా ఉంటుంది. అదనపు బరువంతా పాతదాని మీద పడుతుంది, కొద్ది రోజుల్లో అది కూడా పోతుంది. సిరీస్ జతలో బలవంతుణ్ని తెస్తే బలహీనుడే చస్తాడు. కాబట్టి వోల్టులు, వాట్లు రెండూ కలవాలి; అవి చెరిగిపోతే, పక్కన మిగిలిన మంచి రాడ్డు నిరోధం కలవాలి. పొడవు, కొనల తీరు, గొట్టం మందం ఆ తర్వాతి విషయాలు.

నేను జతను జతగానే మార్చాను. ముందు రాడ్డు బాగానే ఉన్నా రెండూ ఒకే వయసువి, ఒకే వేడి తిన్నవి. రెండోది పోయినప్పుడు మళ్లీ ఇంత రేకూ విప్పడం కంటే ఇప్పుడే ఇంకో రాడ్డు ధర పెట్టడం నయం అనిపించింది. రెండూ ఒకే పెట్టెలోంచి తీసి, కొట్లోనే మీటరుతో కొలిచి, రెంటికీ 35 చూపిన తర్వాతే డబ్బులిచ్చాను. మొత్తం కలిపి కొత్త ఓటీజీ ధరలో పదో వంతు కూడా కాలేదు. అదే కొట్టులో రాగి గొట్టంతో మెరిసే గీజరు రాడ్లు కూడా వేలాడుతున్నాయి, వాటిలో కొన్ని పొడవుకు దగ్గరగానే ఉంటాయి. వాటి జోలికి పోకూడదు. నీళ్లలో మునిగి ఉండే రాడ్డుకు చుట్టూ ఉన్న నీరే చలువ, అందుకని కొద్ది పొడవులోనే ఎక్కువ వాట్లు ఇమిడ్చి చేస్తారు. దాన్ని గాలిలో కాలిస్తే నిమిషాల్లో గొట్టం పగిలిపోతుంది. బకెట్లో నీళ్లు లేకుండా ఇమ్మర్షన్ రాడ్డుకు స్విచ్చి వేసిన ఇళ్లలో ఇది చూసే ఉంటారు.

బిగించడంలో సగం పని కొనల దగ్గరే ఉంటుంది. రాడ్డు మధ్యభాగం ఎర్రగా కాలుతున్నా, రెండు చివర్లా కొంత మేర లోపల నిక్రోమ్ బదులు లావుపాటి కమ్మీ ఉంటుంది, అక్కడ వేడి పుట్టదు. ఆ భాగమే గోడ రంధ్రంలోంచి బయటికి రావాలి. రాడ్డును ఒక పక్కకు ఎక్కువ జరిపి బిగిస్తే కాలే భాగం గోడకు తగిలి, పింగాణీ పగిలి, తీగ తొడుగు మాడుతుంది. పింగాణీ గిన్నెలు పెళుసువి. పాతవాటిలో ఒకటి విప్పేటప్పుడే రెండు ముక్కలైంది, అలాంటివి కొట్లో విడిగా దొరుకుతాయి కనుక రెండు అదనంగా తెచ్చుకోవడం మంచిది. నట్టు బిగించేటప్పుడు కింది నట్టును ఒక ప్లయరుతో పట్టుకుని పైదాన్ని తిప్పాలి. అలా పట్టుకోకపోతే కమ్మీ మొత్తం గిర్రున తిరిగి లోపలి అతుకు ఊడుతుంది, అప్పుడు కొత్త రాడ్డు వెలగకముందే పాతదైపోతుంది.

తీగ కొన నల్లగా మాడి ఉంటే, మంచి రాగి కనబడే దాకా కత్తిరించి, కొత్త థింబుల్ (తీగ కొనకు తొడిగే లోహపు బిళ్ల) పెట్టి క్రింపింగ్ ప్లయరుతో నొక్కాలి. ఇక్కడ టంకం పనికిరాదు. మామూలు సీసం టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది, రాడ్డు కొన దగ్గర అంత వేడి రావడం పెద్ద విషయం కాదు. కరెంటు టేపు ఇంకా పనికిరాదు. తీగ మార్చాల్సి వస్తే ఇంట్లో వైరింగుకు వాడే పీవీసీ తీగ వేయకూడదు, దాని హద్దు 70 డిగ్రీలు. సిలికాన్ తొడుగు తీగ కాని, ఫైబర్‌గ్లాసు స్లీవు తొడిగిన తీగ కాని అడిగి తీసుకోవాలి. లూజు కాంటాక్టు గురించి కూడా పట్టించుకోవాలి: నట్టు వదులుగా ఉంటే ఆ చోట వేడి పుట్టి, థింబుల్ నల్లబడి, చివరికి రాడ్డు బాగుండగానే కొన కాలిపోతుంది. మా ఓవెన్‌లో పైజత కొనలకు కూడా ఇదే మొదలై ఉంది, అందుకని వాటినీ గరుకు కాగితంతో రుద్ది, వాషర్లు మార్చి బిగించాను.

రేకు మూసే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటి ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. మీటరును మెగాఓమ్‌ల స్థాయిలో పెట్టి, ఒక పుల్ల రాడ్డు కమ్మీకి, ఇంకోటి గొట్టానికి ఆనించాలి. మీటరు ఏమీ చూపించకపోవడమే ఇక్కడ మంచి వార్త. మెగ్నీషియం ఆక్సైడ్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. కొట్లో నెలల తరబడి వేలాడిన రాడ్డు కొనల సందుల్లోంచి వానాకాలపు తేమ లోపలికి పోతే, ఆ పొడి కొద్దిగా కరెంటును పోనిస్తుంది. ఇంట్లో, కరెంటు లీకైతే సరఫరాను కట్ చేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, అటువంటి రాడ్డు వేసి స్విచ్చి వేయగానే అది టక్కున పడిపోతుంది. అప్పుడు ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కరెంటు ఇవ్వాలన్న ఆలోచన మాత్రం చేయకూడదు. రాడ్డును తీసి ఎండలోనో, బాగున్న మరో ఓవెన్‌లో 100 డిగ్రీలకు కాస్త పైన కొంతసేపో ఆరబెట్టి మళ్లీ కొలవాలి. మామూలు మల్టీమీటర్ చిన్న బ్యాటరీతో చూస్తుంది కనుక పెద్ద లోపాన్నే పట్టుకోగలదు; ఖచ్చితంగా తేల్చేది 500 వోల్టులతో చూసే మెగ్గరు. అది ఉన్న ఎలక్ట్రిషియన్ తెలిసుంటే ఈ ఒక్క పనికి పిలిచినా తప్పులేదు. చివరగా ప్లగ్గు ఎర్తు పిన్నుకు, ఓవెన్ రేకుకు మధ్య బీప్ రావాలి. రాకపోతే కొత్త రాడ్డు ఎంత మంచిదైనా ఆ ఓవెన్‌కు ప్లగ్గు పెట్టకూడదు.

ప్లగ్గు అంటే గుర్తొచ్చింది. 1500 వాట్ల ఓవెన్ అన్ని రాడ్లూ వెలిగినప్పుడు 6.5 ఆంపియర్లు లాగుతుంది. మన చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. లావు పిన్నుల ప్లగ్గు 16 ఆంపియర్ల పవర్ సాకెట్టులోకే పోవాలి, మధ్యలో మల్టీప్లగ్గు పెట్టి చిన్నదాంట్లో దోపడం రాడ్డు కంటే ముందు సాకెట్టును కాల్చే పని.

ఈ పని చేస్తుండగా డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలు ఫోను చేసి, "అక్కా, మాదీ కింది రాడ్డు పోయింది, నువ్వు చేసినట్టే చేయనా?" అని అడిగింది. రాడ్డు లోపలి సంగతి ఎక్కడైనా ఒకటే కాని, అక్కడి వంటపొయ్యి కింద ఉండే పెద్ద ఓవెన్ సరఫరా వేరు. అది 240 వోల్టుల మీద నడుస్తుంది, ఆ 240 రెండు 120 వోల్టుల ఫేజు తీగల మధ్య వస్తుంది, రెండింట్లో ఏదీ న్యూట్రల్ కాదు. నాబు ఆపితే కొన్ని ఓవెన్లలో ఒక ఫేజే తెగుతుంది, రెండోది రాడ్డు కొన దాకా అలాగే ఉంటుంది. అందుకని ఇంటి ప్యానెల్లో జంట బ్రేకరును ఆపాకనే ముట్టుకోమన్నాను. మిగతా పని అక్కడ మనకంటే తేలిక: ఎక్కువ మోడళ్లలో కింది రాడ్డు ఒకటే ఉంటుంది, వెనక గోడకు రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది, అవి తీసి ముందుకు లాగితే తీగలు కూడా బయటికి వస్తాయి. ఒక్క జాగ్రత్త: తీగ ఊడదీయగానే అది రంధ్రంలోంచి వెనక్కి జారిపోకుండా బట్టల క్లిప్పు పెట్టుకోవాలి, లేకపోతే అంత పెద్ద ఓవెన్‌నూ గోడ నుంచి ముందుకు లాగాల్సి వస్తుంది.

మొదటిసారి ఖాళీగా వేడిచేసినప్పుడు పొగ వస్తుంది, వాసన వస్తుంది. రాడ్డు మీద తయారీలో మిగిలిన నూనె అది. కిటికీలు తెరిచి, మొదట 100 డిగ్రీల దగ్గర కొంతసేపు, ఆ తర్వాత 200 దాటించి పొగ ఆగేదాకా కాల్చాను. లైటు ఆర్పి చూస్తే నాలుగు రాడ్లూ ఒకే ఎరుపులో ఉన్నాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వెలిగితే లెక్క ఎక్కడో తప్పినట్టే. ఓవెన్ థర్మామీటరు మధ్య అరలో పెట్టి, నాబును 180 దగ్గర ఉంచితే, అది కాస్త పైకి, కాస్త కిందికి ఊగుతూ ఆ చుట్టుపక్కలే నిలబడింది. నాబు ఓటీజీలకు ఆ ఊపు సహజం. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ 200కు పడిపోతే మాత్రం ఇదే ఓవెన్ నాలుగింట మూడు వంతుల శక్తితోనే పనిచేస్తుంది, ఎందుకంటే వోల్టేజీ తగ్గితే వాట్లు దాని వర్గం లెక్కన తగ్గుతాయి. అలాంటి రోజు కేకు ఆలస్యమైతే రాడ్డును అనుమానించనక్కర్లేదు.

విప్పిన పాత ముందు రాడ్డు ఇంకా బాగానే ఉంది. దాని మీద మార్కరుతో 115 వోల్టులు, 36 ఓమ్‌లు అని రాసి, కొనలకు గుడ్డ చుట్టి పనిముట్ల పెట్టెలో పెట్టాను. పైజతలో ఎప్పుడైనా ఒకటి పోతే, అవి కూడా ఇదే పొడవు, ఇదే వయసువి కనుక, దీనికి అక్కడ చోటు దొరుకుతుంది.